టేకు ఆకు జల్లెడ పురుగు: పేరు తేలాకే పటం

చిరంజీవి రమ్యకు ఆశీస్సులు.

కవ్వాల్ టేకు అడవిలో ఆకులను జల్లెడలా చేస్తున్న పురుగు ఏదో తేల్చి, దాని విస్తృతికి పటం గీయాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. పేరు తేలనిదే పటం గీయకు.

ముందుగా ఆకును వెలుతురుకు ఎత్తి చూడు. సన్నని ఈనెలు సైతం వలలా మిగిలి, వాటి నడుమ పచ్చని పొర మాత్రమే పోయి ఉంటే అది యూటెక్టోనా మాకెరాలిస్ అనే రెక్కల పురుగు గొంగళి లేదా దానికి దగ్గరి జాతి పని అనుకోవచ్చు. పెద్ద ఈనెలు తప్ప ఆకంతా పోయి ఉంటే టేకు ఆకులు తినే మరో పురుగు హైబ్లియా ప్యూరాను అనుమానించాలి. అది లేత చిగుళ్లపై పడుతుంది. మొదటిది ముదురు ఆకులపై బతుకుతుంది. అందువల్ల ఆకు వయసు, చూసిన నెల తప్పక రాసుకో.

రెక్కల పురుగు దశలో ఈ రెండింటినీ వేరుచేయడం సులువే. మొదటిది రెక్కలు చాపినా రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పసుపు రెక్కలపై ఎర్రని వంకర గీతలు కనిపిస్తాయి. హైబ్లియా వెనుక రెక్కలు నల్లగా, నారింజ మచ్చలతో ఉంటాయి గానీ, అది వాలినప్పుడు గోధుమరంగు ముందు రెక్కలు వాటిని కప్పేస్తాయి.

అసలు చిక్కు పసుపు రెక్కల వాటి మధ్యనే ఉంది. మలేషియా టేకుపై ఉన్న పురుగును చాలాకాలం మాకెరాలిస్ అనే పిలిచారు. తరువాత అది పలిగా డమాస్టెసాలిస్ అని తేలింది. ఈ రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి కనుక ఫొటోతో తృప్తి పడవద్దు. పొట్ట చివరి భాగాన్ని, మెత్తని కండను కరిగించే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చి చూడాలి. దీపపు ఎరకు వచ్చినదానికంటే, ఆకు మీది గొంగళిని తెచ్చి టేకు ఆకులతోనే పెంచి బయటికి రప్పించిన పురుగు ఎక్కువ విలువైనది, ఎందుకంటే దాని ఆహారం గురించి సందేహం ఉండదు.

పాత పత్రాల్లో యూటెక్టోనా మాకెరాలిస్ పురుగే పైరాస్టా మాకెరాలిస్ పేరుతో ఉంటుంది. ఆ నమోదులను కలుపుకో, కానీ నమూనా చూసి నిర్ధారించనివాటికి వేరే గుర్తు పెట్టు. టేకు సహజంగా భారత్, మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్‌లలో పెరుగుతుంది, ఆఫ్రికాలోనూ నాటారు. అయినా చెట్టు ఉన్న చోటల్లా పురుగు ఉందని రంగు పూయడం సరికాదు. వెతికినా దొరకని తోటలను కూడా తేదీతో సహా నమోదు చెయ్యి.

కవ్వాల్ పులుల అభయారణ్యం కనుక, నమూనాలు సేకరించే ముందు అటవీశాఖ నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి