పాత ఏపీఎల్ ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్‌కి వస్తాయా?

ప్రశ్న: పాత విండోస్ కంప్యూటర్‌లో ఏపీఎల్‌లో (ప్రత్యేక గుర్తులతో రాసే ప్రోగ్రామింగ్ భాష) రాసుకున్న లెక్కల ప్రోగ్రాములు నా దగ్గర బోలెడు ఉన్నాయి. ఇప్పుడు లినక్స్‌కి మారి, ఉచితంగా దొరికే గ్నూ ఏపీఎల్ వాడదామనుకుంటున్నాను. ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలా? ఎలాగూ మారుతున్నావు కదా, జె భాష నేర్చుకోమంటున్నాడు ఫ్రెండ్.

జవాబు: కాపీ చేస్తే చాలదండీ. మీరు సేవ్ చేసుకున్న వర్క్‌స్పేస్ (ఫంక్షన్లు, డేటా, సెట్టింగులు కలిపి దాచిన ఫైల్) మామూలు టెక్స్ట్ కాదు, ఏ ఇంటర్‌ప్రెటర్ (ఏపీఎల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దాచిందో దానికి మాత్రమే అర్థమయ్యే ఫైల్. పాత మెషిన్ ఇంకా ఆన్ అవుతుంటే ముందు దానిలోనే తెరిచి ఫంక్షన్లన్నీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పట్టిక) టెక్స్ట్‌గా బయటికి తీయండి. యూనికోడ్‌కి ముందు ఒక్కో కంపెనీ ఏపీఎల్ గుర్తులకి ఒక్కో కోడ్ పట్టిక పెట్టుకుంది, అందుకే పాత ఫైల్‌ని నేరుగా తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం ఆ తర్వాతే. వరుసలోని గడుల్ని 0 నుంచి లెక్కపెట్టాలా, 1 నుంచా అని చెప్పే క్వాడ్ ఐవో విలువ ఉండేది వర్క్‌స్పేస్‌లో. ఫంక్షన్లు మాత్రమే తెచ్చుకుంటే అది వెనకే ఉండిపోతుంది. మీరు 0 పెట్టుకుని రాసి ఉంటే, కొత్త చోట మామూలుగా ఉండే 1తో ప్రోగ్రాం చాలాసార్లు ఎర్రర్ కూడా ఇవ్వదు, నిక్షేపంగా నడిచి పక్క గడిలోని అంకె తెచ్చి చేతిలో పెడుతుంది! రెండు సంఖ్యలు సమానమని తేల్చడానికి ఎంత తేడాని వదిలేయాలో చెప్పే క్వాడ్ సీటీ సంగతీ అంతే. రెండూ రాసి పెట్టుకోండి.

ఏపీఎల్‌కి 2001లో ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ఇచ్చిన ప్రామాణికంలో ఉన్నవి వాడి ఉంటే భాష వరకు పెద్దగా టెన్షన్ లేదు, గ్నూ ఏపీఎల్ పాటించేది దాన్నే. ఇఫ్, ఫర్ లాంటి కంట్రోల్ పదాలు, విండోలు తెరిచే ఫంక్షన్లు అందులో లేవు, అవి వాడిన చోట తిరగరాసుకోవాలి. నిజానికి ఇంటర్‌ప్రెటర్లు ఇప్పుడు సీ, సీ ప్లస్ ప్లస్‌లలో రాస్తున్నారు కాబట్టి వాటిని కొత్త మెషిన్‌కి తేవడం మునుపటంత కష్టం కాదు. 1960ల నాటి ఏపీఎల్/360ని ఐబీఎం 360 కంప్యూటర్ సొంత అసెంబ్లీ భాషలో రాశారు, అది ఆ మెషిన్‌కే అతుక్కుపోయింది.

ఇక జె. ఏపీఎల్ సృష్టికర్త ఐవర్సనే రోజర్ హుయ్‌తో కలిసి 1990లో తెచ్చాడు, మామూలు కీబోర్డు అక్షరాలతోనే రాయొచ్చు, గుర్తుల గొడవ లేదు. కానీ మీ ప్రోగ్రాముల్లో ప్రతి లైనూ మళ్లీ రాయాలి. సరదాకైతే నేర్చుకోండి, కంప్యూటర్ మారుతున్నందుకైతే వద్దు.

పాత మెషిన్ తీసేసేలోపు ప్రతి ప్రోగ్రాంనీ ఒకసారి నడిపి, జవాబుల్ని దశాంశాలు కుదించకుండా దాచుకోండి, కొత్తదాంట్లో వచ్చినవాటితో పోల్చి చూసుకోవడానికి.