19 ఏళ్ల కుర్రాడూ 58 ఏళ్ల పెద్దాయనా ఒకే క్లాసులో ఉంటే...

ప్రశ్న: సాయంత్రం పూట పెద్దవాళ్లకి కంప్యూటర్ మీద లెక్కలు రాయడం నేర్పిస్తున్నాను. క్లాసులో 19 ఏళ్ల వాళ్లూ ఉన్నారు, 58 ఏళ్ల వాళ్లూ ఉన్నారు. కుర్రాళ్లు నేను చెప్పడం పూర్తయ్యేలోపే చేసేసి ఫోన్లు చూసుకుంటారు. పెద్దవాళ్లు అర్థం కాకపోయినా తలూపుతారు, కొన్నాళ్లకి చెప్పాపెట్టకుండా మానేస్తారు. వయసును బట్టి రెండు బ్యాచ్‌లు పెడదామంటే అంత మంది లేరు. ఏం చేయమంటారు?

జవాబు: అంత మంది లేకపోవడమే మంచిదైంది. రెండు బ్యాచ్‌లు పెట్టినా ఇదే గొడవ రెండు గదుల్లో జరిగేది. నలభై దాటిన వాళ్లలోనే రోజంతా కంప్యూటర్ ముందు గడిపేవారుంటారు, మౌస్ పట్టుకోవడం ఇప్పుడే మొదలుపెట్టినవారూ ఉంటారు, ఒకే ఈడని వాళ్లిద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే ఒరిగేదేముంది?

మీ ఉత్తరం చూస్తే మీ క్లాసులో పోటీ అంతా వేగం మీదే నడుస్తున్నట్టుంది. ముందు చేసినవాడికి వచ్చేసినట్టు, ఆలస్యమైనవాళ్లకి రానట్టు. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తెలివిలో రెండు రకాలున్నాయన్నారు, దాన్ని పరీక్షించి 1963లో ఓ పరిశోధనా వ్యాసం కూడా రాశారు. ఎన్నడూ చూడని చిక్కుని అప్పటికప్పుడు విప్పే శక్తి ఒకటి, ఏళ్ల తరబడి పోగుపడిన అవగాహన రెండోది. మొదటిది పడుచు వయసు దాటాక మెల్లగా తగ్గుతూ వస్తుంది, రెండోది చాలామందిలో అరవై వరకు నిలబడే ఉంటుంది. కాబట్టి మెనూలో బటన్ ఎక్కడుందో వెతకడంలో మీ 58 ఏళ్ల ఆయన ఓడిపోతారు, ఎప్పుడూ ఓడిపోతారు. కానీ వెనక్కొచ్చిన సరుకుని కూడా అమ్మకాల్లో కలిపేసిన ఎంట్రీ చూపించి ఇందులో తప్పేముందని అడిగి చూడండి. వ్యాపారం చేసిన మనిషైతే టక్కున పట్టేస్తారు, కుర్రాళ్లు కాసేపు తెల్లమొహం వేస్తారు. అలాంటి పని రోజూ ఒకటైనా పెట్టండి. ఫోన్లు చూసే వాళ్లకి కూడా అప్పుడు పని దొరుకుతుంది, ఎందుకంటే వాళ్లు బటన్లు నేర్చుకున్నారు తప్ప లెక్కలు ఇంకా నేర్చుకోలేదు.

తలూపడం గురించి. "అర్థమైందా?" అని అడగడం ఈరోజుతో మానేయండి. తన కొడుకు వయసువాళ్ల మధ్య కూర్చుని అర్థం కాలేదని చెప్పేంత ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి! దాని బదులు చిన్న ప్రశ్న ఇచ్చి, అందరూ రెండు నిమిషాలు కాగితం మీద రాయాలి, అప్పటిదాకా ఎవరూ నోరు విప్పకూడదు అనండి, మీరు మధ్యలో తిరుగుతూ చూస్తే ఎవరు ఎక్కడ ఆగిపోయారో అడగకుండానే తెలిసిపోతుంది. నోటితో అడిగితే మాత్రం కాస్త ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో బడి క్లాసులు గమనిస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేయిస్తే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. పెద్దవాళ్లకి ఆ ఆగడం ఇంకా అవసరమని నా అభిప్రాయం.

ఇంకో సంగతి, "ఇది చాలా ఈజీ" అని ఎప్పుడూ అనకండి. ధైర్యం చెప్పాలనే అంటాం, కానీ అది రానివాళ్లకి ఈజీ పని కూడా చేతకాలేదనే అవమానం మిగులుతుంది. మానేసేవాళ్లలో కొందరు అక్కడే మానేస్తారు.

పెద్దలు తమంతట తామే నేర్చుకుంటారు, దారి చూపిస్తే చాలు అని కొందరు చెబుతుంటారు, వయోజన విద్య నిపుణుడు మాల్కమ్ నోల్స్ పేరు కూడా తెస్తారు. ఏదైనా ఎందుకు నేర్చుకోవాలో పెద్దవాళ్లకి ముందు తెలియాలని, వాళ్ల అనుభవాన్ని పాఠంలో వాడుకోవాలని ఆయన అన్నమాట నిజమే. కానీ పిల్లలకి ఒక పద్ధతి, పెద్దలకి ఒక పద్ధతి అని మొదట్లో గీసిన గీతని 1980 నాటికి ఆయనే సడలించారు. పూర్తిగా కొత్త విషయమైతే ఏ వయసువాళ్లకైనా మొదట్లో చెయ్యి పట్టుకుని నడిపించాల్సిందే. మొదటి వారాల్లో ఒక్కో అడుగూ రాసిన కాగితం చేతికివ్వండి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం మామూలే.

జంటలుగా కూర్చోబెట్టేటప్పుడు ఒకే ఒక్క నియమం పెట్టండి: సాయం చేసేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. కుర్రాళ్లు "ఇలా ఇవ్వండి అంకుల్" అని లాక్కుని మూడు క్లిక్కుల్లో చేసేస్తారు, పని అవుతుంది, పెద్దాయనకి ఏమీ రాదు. నోటితోనే చెప్పాలంటే కుర్రాడు కూడా తను చేసేదేమిటో ఆలోచించుకోవాలి. వారానికోసారి పాత్రలు మార్చండి, ఏ ఖాతాలో రాయాలో పెద్దవాళ్లు చెప్పాలి, కుర్రాళ్లు రాయాలి.

ప్రశ్న: నాకు 52. ఇలాంటి క్లాసులోనే చదువుతున్నాను. ఇంటికెళ్లి నోట్సు నాలుగుసార్లు చదివినా వారానికి ఏమీ గుర్తుండటం లేదు. వయసైపోయిందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చదివేటప్పుడు వచ్చినట్టే ఉండి తర్వాత జారిపోతోంది కదా, అది ఇరవై ఏళ్లవాళ్లకి కూడా జరిగేదే. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీరూ ఒకసారి చదివి, నోట్సు మూసేసి, గుర్తున్నది రాయండి. తప్పులొస్తాయి, రానివ్వండి, తర్వాత తెరిచి దిద్దుకోండి. రెండ్రోజులాగి మళ్లీ అదే. చదవడం కంటే కష్టంగా ఉంటుంది, విసుగ్గా కూడా ఉంటుంది.

ప్రశ్న: నాకు 26. నేను చెప్పే క్లాసులో ఒక పెద్దాయన ప్రతి పాఠంలోనూ తన సర్వీసు అనుభవాలు ఎత్తుకుంటారు, సగం టైమ్ పోతోంది. ఆపమంటే ఏమనుకుంటారోనని భయం.

జవాబు: ఆపమనకండి, ముందే అడగండి. "సార్, రేపటి పాఠానికి మీ అనుభవం ఒకటి కావాలి, ఐదు నిమిషాల్లో చెప్పాలి, ఫలానా విషయం మీదే" అని ఒకరోజు ముందు ఒంటరిగా చెప్పండి. తయారై వస్తారు, మామూలుగా మధ్యలో దూరడం కూడా తగ్గుతుంది. అయినా తగ్గకపోతే "అది పాఠం అయ్యాక విందాం సార్" అని నవ్వుతూ అనేసి, అయ్యాక నిజంగానే వినండి.