వింగర్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు, వింగర్ డేమియన్ డఫ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఇష్టంగా రాశావు, ఆ ఇష్టం ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. వివరాలూ బాగానే పోగేశావు. 1996లో బ్లాక్‌బర్న్ రోవర్స్, 2003లో చెల్సీ, 2006లో న్యూకాజిల్, 2009లో ఫుల్‌హామ్, 2014లో మెల్‌బోర్న్ సిటీ, 2015లో డబ్లిన్‌కి తిరిగొచ్చి షామ్‌రాక్ రోవర్స్. తేదీల్లో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ చదవడం అయ్యాక నాకు మిగిలింది ఈ క్లబ్బుల వరసే. బంతి కాలికి తగిలితే డఫ్ ఏం చేస్తాడు? జనం సీట్లలోంచి ఎందుకు లేచేవాళ్లు? అది ఎక్కడా దొరకలేదు. పేరు మార్చేస్తే అదే వ్యాసం ఇంకో ఆటగాడికీ సరిపోతుంది. అంత అభిమానంతో రాసింది అలా అయిపోకూడదనే ఈ ఉత్తరం.

నాకు తోచిన దారి ఒకటుంది. క్లబ్బులు మారిన వరసని పక్కన పెట్టి, మైదానంలో అతను ఏ పక్క ఆడాడో చూసుకుంటూ కథ చెప్పు. డఫ్‌ది ఎడమకాలి ఆట. బ్లాక్‌బర్న్‌లో ఎడమ అంచున మొదలయ్యాడు. చెల్సీలో ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. న్యూకాజిల్‌లో అవసరం పడినప్పుడు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచున డిఫెండర్‌గా కూడా ఆడాడు. ఫుల్‌హామ్‌కి వచ్చేసరికి కుడి పక్క కుదురుకున్నాడు. కాలు అదే, చోటు మారుతూ వచ్చింది. అతని వయసు, గాయాలు, కోచ్‌ల అవసరాలు, ఆ పదిహేనేళ్లలో ఫుట్‌బాల్ మారిన తీరు, అన్నీ ఆ చోటు మారడంలోనే ఉన్నాయి.

ఇది పాఠకుడికి అర్థం కావాలంటే ముందు వింగర్ పనేంటో చెప్పాలి. మనవాళ్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లు పెరిగారు గానీ, అందరికీ తెలుసులే అనుకుని రాయకు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర వింగర్ ఎదురుగా ఫుల్‌బ్యాక్, అంటే ఆ అంచుని కాపాడే డిఫెండర్, ఒక్కడే ఉంటాడు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఒళ్లు ఒక పక్కకి వంచి ఇంకో పక్కకి దూకినట్టే, ఇక్కడా భుజం ఒకవైపు వాలుతుంది, బంతి ఇంకోవైపు పోతుంది. ఎడమకాలివాడు ఎడమ పక్క ఆడితే ఫుల్‌బ్యాక్‌ని బయటివైపు నుంచి దాటుకుని చివరి గీత దాకా వెళ్లి క్రాస్ వేస్తాడు, అంటే బంతిని గోల్ ముందుకి కొడతాడు. వాణ్ణే కుడి పక్క పెడితే లోపలికి తిరిగి నేరుగా గోల్‌కి గురి పెడతాడు. ఈ నాలుగు మాటలు మొదట్లోనే చెప్పేస్తే మిగతా వ్యాసమంతా పాఠకుడు నీతో పాటు నడుస్తాడు.

బ్లాక్‌బర్న్ గురించి క్లుప్తంగా రాసినా ఫరవాలేదు. కానీ ఒక్క విషయం వదలకు. 1995లో ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ అయిన క్లబ్బు అది. కుర్రాడు డబ్లిన్ నుంచి వచ్చాడు, 1997 మేలో సీజన్ చివరి మ్యాచ్‌లో మొదటిసారి ఆడాడు. 1999లో ఆ క్లబ్బే కింది డివిజన్‌కి పడిపోయింది. పైకి రావడానికి రెండు సీజన్లు పట్టింది. డఫ్ అక్కడే ఉన్నాడు. 2001లో జట్టుతో పాటు పైకొచ్చాడు, 2002 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో టాటెన్‌హామ్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. నువ్వు ఈ రెండు సీజన్లని ఒక్క వాక్యంలో దాటేశావు. చెల్సీ 1 కోటి 70 లక్షల పౌండ్లు పెట్టి కొన్న ఆటగాడు తయారైంది ఆ రోజుల్లోనే.

చెల్సీ దగ్గరే నువ్వు ఎక్కువ రాయాలి. నువ్వేమో రెండు లీగ్ టైటిళ్లు చెప్పి ఊరుకున్నావు. 2003 వేసవిలో రష్యన్ కుబేరుడు అబ్రమోవిచ్ క్లబ్బుని కొన్నాడు, ఆ డబ్బుతో వచ్చినవాళ్లలో డఫ్ ఒకడు. మరుసటి ఏడాది కోచ్‌గా మొరీన్యో, వింగర్‌గా రోబెన్ వచ్చారు. రోబెన్‌దీ ఎడమకాలే. ఒకే జట్టులో ఇద్దరు ఎడమకాలి వింగర్లుంటే ఎవరో ఒకరు బెంచీ మీద కూర్చోవాలనే అనుకుంటాం. మొరీన్యో ఇద్దరినీ చెరో పక్కన పెట్టాడు, ఆట మధ్యలో పక్కలు మార్పించాడు. ఎదుటి ఫుల్‌బ్యాక్‌కి ఒక పది నిమిషాలు బయటికి పరిగెత్తే మనిషి, ఆ తర్వాత లోపలికి కోసుకొచ్చే మనిషి. ఆ సీజన్‌లో చెల్సీ 95 పాయింట్లతో గెలిచింది, 38 మ్యాచ్‌ల్లో ఇచ్చింది 15 గోల్సే. యాభై ఏళ్ల తర్వాత ఆ క్లబ్బుకి వచ్చిన లీగ్ టైటిల్ అది. ఆ 15 అంకె దగ్గర ఆగి ఆలోచించు. బంతి పోగానే వెనక్కి పరిగెత్తి తన ఫుల్‌బ్యాక్‌కి సాయం పట్టిన వింగర్ల చెమట కూడా అందులో ఉంది.

మెరుపు, మాయాజాలం, తుఫాను లాంటి మాటలు నీ వ్యాసం నిండా ఉన్నాయి. అన్నీ కొట్టేయి. వాటి బదులు రెండు గోల్స్ చూపించు చాలు. 2005 జనవరిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, మాంచెస్టర్ యునైటెడ్ మీద లీగ్ కప్ సెమీస్ రెండో మ్యాచ్. 85వ నిమిషం, స్కోరు 1-1. చాలా దూరం నుంచి డఫ్ ఎడమకాలితో ఫ్రీకిక్‌ని బాక్సులోకి తేల్చి కొట్టాడు. అందరూ తలకి అందుతుందని ఎగిరారు, ఎవరికీ తగల్లేదు, నేరుగా గోల్లోకి పోయింది. చెల్సీ ఫైనల్‌కి వెళ్లింది. రెండోది అదే ఏడాది మార్చిలో, చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో బార్సెలోనా మీద. ఆట మొదలై ఇరవై నిమిషాలు కాకముందే జో కోల్ పాస్ అందుకుని డఫ్ మూడో గోల్ వేశాడు. ఆ రాత్రి చెల్సీ 4-2తో గెలిచింది. ఈ రెండూ ఉన్నదున్నట్టు రాస్తే విశేషణాలతో పనే ఉండదు.

ఇక న్యూకాజిల్. ఇక్కడ నీ చెయ్యి వణికిందని నాకు తెలుస్తోంది. అభిమాన ఆటగాడికి చెడ్డ రోజులొస్తే గబగబా దాటేయాలనిపిస్తుంది. దాటకు. 2005 వేసవిలో చెల్సీ షాన్ రైట్-ఫిలిప్స్‌ని తెచ్చాక డఫ్‌కి ఆడే నిమిషాలు తగ్గాయి. 2006లో 50 లక్షల పౌండ్లకి న్యూకాజిల్ వెళ్లాడు. మూడేళ్ల కిందటి ధరలో మూడో వంతు కూడా కాదు. గాయాలు వదల్లేదు, కోచ్‌లు మారుతూనే ఉన్నారు.

2009 మే 24, విల్లా పార్క్. సీజన్ చివరి మ్యాచ్. మొదటి సగంలో ఆస్టన్ విల్లా ఆటగాడు గారెత్ బ్యారీ దూరం నుంచి కొట్టాడు. డఫ్ అడ్డంగా కాలు చాపాడు. బంతి అతని కాలికి తగిలి దారి మారింది, గోల్‌కీపర్ హార్పర్‌కి అందకుండా లోపలికి పోయింది. స్కోరు పట్టీలో డఫ్ పేరు మీద సెల్ఫ్ గోల్‌గా పడింది. మ్యాచ్‌ని విల్లా 1-0తో గెలిచింది, న్యూకాజిల్ కింది డివిజన్‌కి పడిపోయింది. న్యూకాజిల్ పాయింట్లు 34, పైనున్న హల్ సిటీవి 35, ఆ రోజు హల్ కూడా ఓడింది. గోల్ తేడా న్యూకాజిల్‌కే మెరుగు. అంటే డ్రా అయినా బతికిపోయేది.

ఈ ఒక్క గోల్ వల్లే క్లబ్బు మునిగిందని మాత్రం రాయకు, అది అన్యాయం. 38 మ్యాచ్‌ల్లో కూడబెట్టుకోలేని పాయింట్లు అవి. అలాగని దాచనూ వద్దు. ఆ సాయంత్రం డఫ్ మనసులో ఏముందో నువ్వు ఊహించి రాసిన మూడు వాక్యాలు తీసెయ్యి. కాలు చాపడం మనం చూశాం, బంతి దారి మారడం చూశాం. ఆ పక్కన పట్టికలో అంకెలు పెట్టు. పాఠకుడి గుండె దానంతటదే బరువెక్కుతుంది.

ఆ వెంటనే ఫుల్‌హామ్ వస్తుంది కాబట్టి నీ పని తేలికే. ముప్ఫై ఏళ్ల వయసు, పరుగులో పాత పదును లేదు. కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ అతన్ని కుడి పక్క ఆడించాడు. గీత దాకా పరిగెత్తే పని తగ్గింది, లోపలికి తిరిగి ఎడమకాలు వాడే పని పెరిగింది. ఆ డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 3-0తో ఓడించిన మ్యాచ్‌లో మూడో గోల్ అతనిదే. మార్చిలో యూరోపా లీగ్‌లో, తొలి మ్యాచ్‌లో 3-1తో ఓడిన ఫుల్‌హామ్ సొంత మైదానంలో యువెంటస్‌ని 4-1తో తిప్పికొట్టింది. మేలో హాంబర్గ్‌లో ఆ లీగ్ ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఫోర్లాన్ గోల్‌తో అట్లెటికో మాడ్రిడ్ 2-1తో గెలిచింది. కిందటి మేలో కింది డివిజన్‌కి జారిన జట్టులో ఉన్నవాడు ఈ మేలో యూరప్ ఫైనల్ ఆడాడు. ఈ రెండు మే నెలలూ పక్కపక్కనే పెట్టు.

మెల్‌బోర్న్ ఒక పేరాతో సరి. షామ్‌రాక్ రోవర్స్ దగ్గర, జీతం తీసుకోకుండా సేవా సంస్థలకి ఇచ్చేశాడన్న మాట తప్పకుండా ఉండాలి. 2015 చివర్లో గాయాల వల్లే ఆట ఆపాడు. తర్వాత కోచ్‌గా 2024లో షెల్బోర్న్‌కి ఐర్లండ్ లీగ్ గెలిపించాడన్నది ఇంకో వ్యాసానికి దాచుకో, ఇందులో కలిపితే రెండూ చెడతాయి.

చివరిగా ఒక పని చెబుతాను. హైలైట్స్ చూసి రాయకు. 2005 బార్సెలోనా మ్యాచ్, 2010 యువెంటస్ మ్యాచ్ పూర్తిగా దొరికితే మొదటి నుంచి చివరి దాకా చూడు. బంతి అవతలి పక్క ఉన్నప్పుడు డఫ్ ఎక్కడ నిలబడ్డాడో, ఎటు చూస్తున్నాడో, ఎప్పుడు వెనక్కి పరిగెత్తాడో కాగితం మీద రాసుకుంటూ చూడు. హైలైట్స్‌లో అవేవీ ఉండవు.

టెన్షన్ పడకు, గడువేమీ లేదు. ముందు న్యూకాజిల్ భాగం ఒక్కటి తిరగరాసి పంపు. అది కుదిరితే చెల్సీ మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య