స్టార్ తాబేలును అమ్మే హక్కు ఏ బ్రీడర్‌కూ లేదు

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకని ఎనిమిది నెలల కింద ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక బ్రీడర్ దగ్గర రెండు స్టార్ తాబేలు పిల్లల్ని కొన్నాను. ఇంట్లో పుట్టినవే, చట్టంతో ఇబ్బంది లేదన్నాడు. డబ్బు యూపీఐలో పంపాను. నెల తిరక్కుండానే ఒకటి కళ్లు వాచి, ముక్కు కారి చనిపోయింది. పాప ఇప్పటికీ ఏడుస్తోంది. రెండోది కూడా మేత ముట్టడం లేదు. వినియోగదారుల కేసు వేస్తానంటే, ఆఫ్రికన్ తాబేలు పేరుతో 2021 నాటి తేదీ వేసి బిల్లు ఇస్తానంటున్నాడు. అది తీసుకోవచ్చా? ఆరోగ్యమైన పిల్లల్నిచ్చే నమ్మకమైన బ్రీడర్‌ను ఎలా వెతుక్కోవాలి?

జవాబు: మీరు జబ్బు గురించి రెండు పేజీలు రాశారు. కేసు మొత్తం తేలేది తాబేలు ఏ జాతిదన్న దాని మీద. స్టార్ తాబేలు మన దేశపు వన్యప్రాణి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది. ఇంట్లో పుట్టిందా, అడవిలో పట్టిందా అన్న తేడా మీకు అక్కరకు రాదు. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాడు సైతం దాన్ని అమ్మకూడదని సెక్షన్ 43 చెబుతోంది. అలాంటప్పుడు నమ్మకమైన స్టార్ తాబేలు బ్రీడర్ అనేవాడు ఎక్కడ దొరుకుతాడు?

మీ వైపు పరిస్థితి ఇంకా గడ్డుగా ఉంది. మొదటి షెడ్యూల్ జంతువుకు సంబంధించిన నేరానికి సెక్షన్ 51 కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఇలా కనీస శిక్ష ఉన్న నేరాన్ని రుసుము కట్టి రాజీ చేసుకునే వీల్లేదు. పైగా ఆ జంతువు మీ దగ్గర ఉందని తేలితే చాలు, అది అక్రమమేనని సెక్షన్ 57 కింద కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం మీదే. ఏళ్లు గడిస్తే కేసు చల్లారిపోతుందనీ అనుకోకండి. మూడేళ్లకు మించి శిక్ష పడదగ్గ నేరాలను విచారణకు స్వీకరించడానికి కాలపరిమితి లేదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, మీరు ఎనిమిదో నెలలోనే ఉన్నారు. అయినా వెళ్లకండి. చట్టం నిషేధించిన అమ్మకం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద చెల్లదు. మీరు సంతకం చేసి దాఖలు చేసే ఆ ఫిర్యాదే మీ మీద మొదటి సాక్ష్యమవుతుంది. డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ వదులుకోండి.

ఆ పాత తేదీ బిల్లును ముట్టుకోవద్దు! ఇప్పుడున్నది ఒక కేసు. దాన్ని తీసుకుని ఎక్కడైనా చూపించారో, దొంగ పత్రాన్ని నిజమైనదిగా వాడిన నేరం కూడా మీద పడుతుంది. యూపీఐ లావాదేవీకి తేదీ ఉంటుంది, వాట్సాప్‌లో ‘స్టార్ పిల్లలు’ అన్న మాట ఉంటుంది. ఆ బిల్లు అబద్ధమని నిరూపించడానికి ఐదు నిమిషాలు చాలు. రాత్రికి రాత్రి చెరువులో వదిలేద్దామన్న ఆలోచనా వద్దు. అది నేల మీద బతికే తాబేలు, ఈత రాదు, మునిగి చస్తుంది. అడవిలో వదిలినా దాని జబ్బు అక్కడున్న వాటికి అంటుకునే ప్రమాదం ఉంది.

పసిపిల్లకు కానుక కొనేటప్పుడు బిల్లు అడగలేదు, జాతి పేరు చట్టంలో చూసుకోలేదు. ఇలాంటి జంతువు చేతికొస్తే 48 గంటల్లో పోలీస్ స్టేషన్‌కు గానీ అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని సెక్షన్ 39 చెబుతోంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక ఒక్క రోజు కూడా జాప్యం చేయకండి.

వెంటనే ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని జిల్లా అటవీ అధికారికి రాతపూర్వక అర్జీ ఇవ్వండి. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, మొదటిది ఎప్పుడు చనిపోయింది, ఎక్కడ పాతిపెట్టారు అన్నవి దాచకుండా రాయండి. చాట్, చెల్లింపు వివరాలు, వెటర్నరీ డాక్టరు చీటీ జతచేయండి. ఫోన్‌లో ఒక్క మెసేజ్ కూడా చెరపకండి. తాబేలును అప్పగించేటప్పుడు పంచనామా రాయించుకుని, నకలు, రసీదు తీసుకోండి. అప్పగించినంత మాత్రాన కేసు ఉండదని చట్టం హామీ ఇవ్వదు. అయినా మీ ఉద్దేశం ఏమిటో కోర్టుకు చూపడానికి, అమ్మినవాడి మీదికి దర్యాప్తు మళ్లడానికి మీకున్న ఆధారం ఇదొక్కటే. జబ్బున్న ఆ ప్రాణికి సరైన వైద్యం దొరికే దారీ ఇదే.

మళ్లీ తాబేలు కావాలనుకుంటే అదే చట్టం నాలుగో షెడ్యూల్‌లోని (అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతుల జాబితా) విదేశీ జాతులనే చూడాలి. సల్కాటా అలాంటిదే. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం వీటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అప్పటికే ఉన్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు. ఆ తర్వాత కొన్నవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చేయి మారినా, చనిపోయినా తెలియజేయాల్సిందే. రేడియేటెడ్ తాబేలు వంటి మరీ అరుదైన జాతుల్ని పెంచి పిల్లలు తీసేవారికి లైసెన్సు కూడా తప్పనిసరి. అందుకని తల్లి తాబేలు నమోదు పత్రం, పిల్ల పుట్టినట్టు నమోదు, శాస్త్రీయ నామం రాసిన బిల్లు, ఈ మూడూ డబ్బు పంపకముందే అడగండి. తర్వాత పంపుతానంటే అక్కడితో ఆపేయండి. కళ్లు తేటగా, ముక్కు పొడిగా, పెంకు గట్టిగా ఉందా అన్నది కాగితాలు చూశాక, వెటర్నరీ డాక్టరును పక్కన పెట్టుకుని చూడవలసిన సంగతి.