స్ట్రీమింగ్ ఫ్రేమ్‌వర్క్ రాసేముందు మొదటి బైట్ సంగతి తేల్చుకోండి

భద్రత, స్ట్రీమింగ్ (జవాబు మొత్తం తయారయ్యేదాకా ఆగకుండా ముక్కలుగా పంపడం) రెండూ మొదటినుంచీ ఉండేలా సొంతంగా వెబ్ ఫ్రేమ్‌వర్క్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ ఏడాదిన్నరగా శని, ఆదివారాలు నేను చేస్తున్నది ఇదే. రౌటింగ్ (ఏ అడ్రస్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పడం), టెంప్లేట్ల (విలువలు నింపే పేజీ నమూనాలు) జోలికి అప్పుడే వెళ్లకండి. జవాబులో మొదటి బైట్ బయటికి పోయేలోపు ఏమేం తేలిపోవాలో ముందు రాసుకోండి.

స్టేటస్ కోడ్, కుకీలు, సీఎస్‌పీ (పేజీలో ఏ స్క్రిప్టులు నడవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే నియమాలు) లాంటి హెడర్లన్నీ బాడీ, అంటే అసలు సమాచారం కంటే ముందే వెళ్తాయి. 200 (అంతా సరే) అని పంపేశాక లోపల ఏం జరిగినా దాన్ని 500గా (సర్వర్‌లో తప్పు) మార్చలేం. నాకిది పాత ఆఫీసులో తెలిసొచ్చింది. నెలాఖరు లెక్కల సీఎస్‌వీ స్ట్రీమ్ చేస్తుండగా మధ్యలో డేటాబేస్ కనెక్షన్ పోయింది, మా కోడ్ ఆ ఎక్సెప్షన్‌ని (తప్పు సంకేతాన్ని) పట్టుకుని, లాగ్‌లో రాసి, స్ట్రీమ్‌ని పద్ధతిగా ముగించేసింది. హెచ్‌టీటీపీ 1.1లో చంక్‌లుగా (ముక్కలుగా) పంపేటప్పుడు చివర సున్నా పొడవు చంక్ వస్తే అంతా వచ్చేసిందని అర్థం, మేం దాన్నే పంపాం. అకౌంట్స్‌లో ఉన్నావిడకి వచ్చింది సగం ఫైలు, ఎర్రర్ ఎక్కడా లేదు, ఆ మొత్తాన్నే నమ్మి పైవాళ్లకి పంపేశారు. తర్వాత మాటలు పడింది ఆవిడే, తప్పు మాది. ఆ సున్నా చంక్ పంపకుండా కనెక్షన్ తెంచేసి ఉంటే డౌన్‌లోడ్ ఫెయిలైందని బ్రౌజరే చెప్పేది. అందుకే నా ఫ్రేమ్‌వర్క్‌లో మధ్యలో తప్పు జరిగితే తెంచేయడమే, హెచ్‌టీటీపీ 2 అయితే ఆ ఒక్క స్ట్రీమ్‌ని రీసెట్ చేయడం.

హ్యాండ్లర్‌ని, అంటే ఒక్కో రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్‌ని, రెండుగా విడగొట్టాను. లాగిన్, అనుమతులు, కుకీలు, సీఎస్‌పీ నాన్స్ (మన స్క్రిప్టులని గుర్తుపట్టడానికి ప్రతిసారీ కొత్తగా ఇచ్చే కోడ్) మొదటి భాగంలో తేలిపోతాయి, రెండో భాగం బాడీ రాయడం తప్ప ఇంకేం చేయలేదు. రస్ట్ భాషలో రాస్తున్నాను కాబట్టి హెడర్ల ఓనర్‌షిప్ (వాటిని వాడే హక్కు) మొదటి భాగంలోనే అయిపోతుంది, రెండోదాంట్లో వాటిని ముట్టుకుంటే కంపైలే కాదు. మొదటి బైట్ కాస్త ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ఎస్కేపింగ్ (యూజర్ ఇచ్చిన మాటలు కోడ్‌గా నడవకుండా గుర్తుల్ని మార్చడం) మాత్రం బయటికి పోయే చంక్ మీద చేయకండి. చంక్ ఎక్కడైనా తెగొచ్చు, స్క్రిప్ట్ ట్యాగ్ సగం ఇందులో సగం అందులో పడితే మీ ఫిల్టర్‌కి దొరకదు. మన 'శ్రీ' ఒక్కటే యూటీఎఫ్-8లో 12 బైట్లు, ఆ బైట్ల మధ్యలో తెగిన చంక్‌ని విడిగా డీకోడ్ చేస్తే పేర్లు చెడిపోతాయి. విలువ టెంప్లేట్‌లోకి వచ్చే చోటే, అది ట్యాగ్ లోపలా యూఆర్‌ఎల్‌లోనా అని చూసి ఎస్కేప్ చేయాలి.

ఇంజిన్‌ఎక్స్ (మన సర్వర్ ముందు ఉండే వెబ్ సర్వర్) వెనక పెట్టి టెస్ట్ చేయండి, దాని ప్రాక్సీ బఫరింగ్, అంటే మనం పంపిన ముక్కల్ని వెంటనే పంపకుండా కూడబెట్టడం, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అది తెలియక నా కోడ్‌లోనే తప్పుందని రెండు ఆదివారాలు వెతికాను.

ఇక నిదానంగా చదివే క్లయింట్లు. అవతల చదవకపోతే ఇవతల తయారీ ఆగాలి, మెమరీలో కుప్ప పెరగకూడదు. టైమవుట్ మొత్తం సమయానికి పెడితే సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర బస్సులో సిగ్నల్ సరిగా లేని మనిషి కూడా తెగిపోతాడు, అందుకని ఇన్ని సెకన్లలో కనీసం ఇన్ని బైట్లు చదవాలి అనే లెక్క పెట్టాను.