బోరు నీళ్లు, బాదం గింజంత క్రీము

ప్రశ్న: మాకు బోరు నీళ్లే దిక్కు. ట్యూబు షేవింగ్ క్రీము ఎంత పెట్టినా పైపైన బుడగలు లేస్తాయి, ఒక చెంప గీసేలోగా నురగ ఆరిపోతుంది. లోపం బ్రష్‌దా, క్రీముదా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు నీళ్లను అనుమానించండి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టు కడతాయి. గిన్నె అంచున జిడ్డుగా పట్టే తెల్లటి పొర అదే. సబ్బులో కొంత అలా పోగా మిగిలిందే మీకు నురగవుతోంది. నురగకు పట్టేవి మహా అయితే నాలుగు చెంచాల నీళ్లు. తాగే ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు ఒక చిన్న గ్లాసులో గోరువెచ్చగా పెట్టుకోండి. బ్రష్‌నూ అందులోనే నానబెట్టాలి. ముఖం, రేజరు కడగడానికి బోరు నీళ్లు చాలు. కాచి చల్లార్చిన నీళ్లు కొంత మేలే కానీ, కాచినంత మాత్రాన ఆ లవణాలన్నీ పోవు.

ఇక కలిపే తీరు. బ్రష్ నుంచి చుక్క కారకుండా విదిలించి, బాదం గింజంత క్రీము గిన్నెలో వేసి తిప్పండి. మొదటి అర నిమిషం ముద్దగా అంటుకుంటుంది. అక్కడే చాలామంది కంగారుపడి నీళ్లు పోసేస్తారు. వేలి కొసతో 2, 3 చుక్కలు, 20 సార్లు తిప్పడం, మళ్లీ చుక్కలు. ఇలా 2 నిమిషాలు. బుడగలు కంటికి కనిపిస్తున్నాయంటే ఇంకా కుదరలేదన్నమాట. కుదిరిన నురగ మీగడ పెరుగులా నిగనిగలాడుతుంది, బ్రష్ ఎత్తితే కొస కాస్త వంగి నిలుస్తుంది. చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్దండి, జర్రున జారాలి. గట్టిగా నిలిచి కూడా జారకపోతే నీళ్లు చాలలేదు, బ్లేడు పట్టి లాగుతుంది. పలచబడి బుడగలొస్తే ఇంకాస్త క్రీము వేసి తిప్పడమే మార్గం.

ప్రశ్న: నురగ గిన్నెలో చేసుకోవాలా, ముఖం మీదేనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: గడ్డం బిరుసైతే ముఖం మీదే మేలు. గుండ్రంగా తిప్పే బ్రష్ గడ్డం వెంట్రుకలను లేపి, మొదళ్ల దాకా తడి అందిస్తుంది. సబ్బు బిళ్ల వాడేవారు తడి బ్రష్‌ను దాని మీద 20, 30 సెకన్లు తిప్పాలి. కడ్డీ సబ్బునైతే తడి చెంప మీద, వెంట్రుకలు మొలిచిన దిశకు ఎదురుగా రుద్ది, ఆపైన బ్రష్ అందుకోవాలి. చివర్లో మాత్రం గోడకు సున్నం వేసినట్టు అటూ ఇటూ పూయండి, నురగ సమంగా పరుచుకుంటుంది. మొటిమలు, మంట ఉన్న చర్మానికి ఈ రాపిడి పడదు. వారికి గిన్నే మంచిది. నున్నటి స్టీలు గిన్నెలో బ్రష్ జారిపోతుంది, లోపల గరుకు గీతలున్నది చూసుకోండి. ప్రయాణాల్లో అరచెయ్యే గిన్నె.

ప్రశ్న: కొత్తగా కొన్న పంది వెంట్రుకల బ్రష్ వాసన వేస్తోంది, వెంట్రుకలు రాలుతున్నాయి.
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: రోజుకోసారి సబ్బుతో నురగ చేసి కడిగి ఆరబెట్టండి, వాసన క్రమంగా తగ్గుతుంది. మొదట్లో నాలుగు వెంట్రుకలు రాలడం మామూలే. వారాలు గడిచినా రాలుతుంటే వెంట్రుకల మొదళ్లలోని జిగురు వదిలినట్టే. సలసల కాగే నీళ్లలో ముంచకండి, మొదలు దాకా అదిమి తిప్పకండి. వాడాక విదిలించి గాలి తగిలేచోట ఉంచాలి, మూసిన డబ్బాలో తడిగా పెట్టకూడదు.