ఉబుంటులో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఇన్‌స్టాల్ అయింది, కానీ ఎక్కడా కనిపించడం లేదు. ఎలా తెరవాలి?

కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న కీ ఒక్కసారి నొక్కి వదిలేయండి. పైన వెతుకులాట పెట్టె వస్తుంది. అందులో వీఎల్‌సీ అని ఇంగ్లీషులో కొట్టండి. నారింజ, తెలుపు చారల ట్రాఫిక్ కోన్ కనిపిస్తే ఎంటర్ నొక్కండి. పదిమందిలో తొమ్మిదిమందికి పని ఇక్కడితో అయిపోతుంది.

విండోస్ నుంచి మొన్ననే మారానన్నారు, యాప్ సెంటర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే పూర్తయిందని చూపించింది గానీ డెస్క్‌టాప్ మీద ఐకాన్ రాలేదన్నారు. రాదండీ. ఉబుంటులో ఏ ప్రోగ్రామూ తనంతట తాను వచ్చి డెస్క్‌టాప్ మీద కూర్చోదు, మెనూలో చేరుతుందంతే. సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్ అంటూ వెతకడం కూడా మానేయండి, ఇక్కడ అలాంటి ఫోల్డర్ ఉండదు.

నేను చెన్నైలో పెరంబూరు వైపు ఉంటాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక, మా అపార్ట్‌మెంట్‌లో పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు కొందరు రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఎస్‌ఎస్‌డీ వేయించుకుని ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ ఎక్కించుకున్నారు. ఆ తర్వాత మా ఇంటి కాలింగ్ బెల్ మోగడం ఎక్కువైంది. వచ్చినవాళ్లలో సగంమంది అడిగేది మీ ప్రశ్నే. అందుకే ఇన్‌స్టాల్ చేసిన ప్లేయర్ ఎన్ని రకాలుగా ‘మాయమవుతుందో’ నాకు బాగానే తెలుసు.

మొదటిది పేరు తేడా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఉండే పేరూ మెనూలో కనిపించే పేరూ ఒకటే కావాలని లేదు. టోటెమ్ అనే ప్లేయర్ మెనూలో ‘వీడియోస్’ అని కనిపిస్తుంది. మీకు టోటెమ్ అన్న పేరే తెలియకపోతే ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేరు. మింట్‌లో 19.3 వెర్షన్ నుంచి వీడియోలకు సెల్యులాయిడ్ అనే ప్లేయర్ ముందే ఉంటుంది. మా పై ఫ్లోర్ కుర్రాడు అదేదో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అనుకుని తీసేద్దామా అని వచ్చాడు! పేరుతో దొరకకపోతే మెనూలో వర్గం చూసి వెతకండి. మింట్‌లో ‘సౌండ్ అండ్ వీడియో’ అని, కేడీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న లైనక్స్‌లలో ‘మల్టీమీడియా’ అని ఉంటుంది.

రెండోదాన్ని కాస్త వివరంగా చెప్పాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. మెనూలో కనిపించే ప్రతి ఐకాన్ వెనకా డాట్ డెస్క్‌టాప్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. మెనూలో ఏ పేరు చూపించాలి, ఏ బొమ్మ పెట్టాలి, నొక్కితే ఏ కమాండ్ నడపాలి, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ ఫైల్ ఎక్కడ పడుతుందన్నది ప్లేయర్ ఏ దారిన వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఏపీటీ, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనేవి ప్రోగ్రామ్‌లు వేసుకునే వేర్వేరు దారులు. ఏపీటీతో వేస్తే యూఎస్ఆర్ అనే ఫోల్డర్‌లో షేర్, దానిలో అప్లికేషన్స్ అనే చోట పడుతుంది. స్నాప్‌కి వేరే చోటు, ఫ్లాట్‌ప్యాక్‌కి మరో చోటు. మెనూ తనకు చెప్పిన చోట్లే వెతుకుతుంది, ఆ చోట్ల జాబితా మీరు లాగిన్ అయినప్పుడు తయారవుతుంది.

మా పక్క ఫ్లాట్‌లో రైల్వేలో రిటైరైన బాబాయిగారు ఒకరున్నారు. డిసెంబరు వచ్చిందంటే రోజూ ఏదో ఒక సభలో కచేరీకి వెళ్తారు, మిగతా పదకొండు నెలలూ హార్డ్ డిస్క్‌లో దాచుకున్న త్యాగరాజ కీర్తనలు వింటారు. ఆయన మనవడు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో చెబుతుంటే ఒక్కో అక్షరం కొట్టి, ఉబుంటులో ఫ్లాట్‌ప్యాక్ పెట్టుకుని, దాని ద్వారా స్ట్రాబెరీ అనే మ్యూజిక్ ప్లేయర్ వేసుకున్నారు. మెనూలో చూస్తే లేదు. మళ్లీ వేయబోతే ఇప్పటికే ఉందని చెబుతోంది. ‘ఉందంటుంది, ఎక్కడుందో చెప్పదు. ఇదేం దాగుడుమూతలయ్యా!’ అన్నారు విసుగ్గా. ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఉబుంటులో ఫ్లాట్‌ప్యాక్ ముందుగా ఉండదు. కొత్తగా పెట్టినప్పుడు దాని ఫోల్డర్ మెనూ జాబితాలో చేరాలంటే ఒకసారి లాగ్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. అది చేయగానే స్ట్రాబెరీ మెనూలో ప్రత్యక్షమైంది. ‘ఇంతేనా, దీనికా పొద్దుటినుంచీ టెన్షన్?’ అన్నారు. అంతే బాబాయిగారూ.

కాబట్టి వెతికినా కనిపించకపోతే ముందు ఒకసారి లాగ్ అవుట్ అయి చూడండి. వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టొద్దు. అలా చేసేవాళ్లు ఒకసారి యాప్ సెంటర్ నుంచి స్నాప్, మరోసారి టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) నుంచి ఏపీటీ వేసేస్తారు. చివరికి మెనూలో రెండు కోన్‌లు కనిపిస్తాయి, ఒకదాంట్లో మార్చిన సెట్టింగ్ రెండోదాంట్లో ఉండదు, గందరగోళం. ఏదో ఒకటే ఉంచుకోండి.

వెబ్‌సైట్ నుంచి నేరుగా డౌన్‌లోడ్ చేసిన ఫైల్ అయితే సంగతి వేరు. ఈఎక్స్ఈ ఫైల్ దించి ఉంటే అది విండోస్‌ది, దాన్ని పక్కన పెట్టేయండి. యాప్‌ఇమేజ్ అయితే అది ఇన్‌స్టాల్ అవ్వదు, మెనూలోకీ రాదు, మీరు దించిన ఫైలే ప్లేయర్. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రోగ్రామ్‌గా నడవడానికి అనుమతి ఇచ్చి, డబుల్ క్లిక్ చేయాలి. ఉబుంటు 22.04, ఆ తర్వాతి వెర్షన్లలో చాలా యాప్‌ఇమేజ్‌లు లిబ్‌ఫ్యూజ్2 అనే సహాయక ప్యాకేజీ లేకపోతే చడీచప్పుడూ లేకుండా ఊరుకుంటాయి. కొత్తవాళ్లకు నేను యాప్‌ఇమేజ్ చెప్పను.

ఇక టెర్మినల్. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి జవాబుగానే పది కమాండ్లు ఇచ్చేవాళ్లంటే నాకు చిరాకు. కానీ ఐకాన్ నొక్కితే ఏమీ జరగనప్పుడు మాత్రం దానికి మించింది లేదు. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. వీఎల్‌సీ అని మూడూ చిన్న అక్షరాల్లోనే కొట్టి ఎంటర్ నొక్కండి, పెద్ద అక్షరాలు కొడితే దొరకదు. ప్లేయర్ తెరుచుకుంటే ఇన్‌స్టాల్ బాగానే అయింది, తేడా మెనూలోనే ఉంది. కమాండ్ నాట్ ఫౌండ్ అని వస్తే ప్లేయర్ ఎక్కలేదన్నా అనుకోవాలి, ఫ్లాట్‌ప్యాక్‌గా వచ్చిందన్నా అనుకోవాలి. ఫ్లాట్‌ప్యాక్‌వి పొట్టిపేరుకు పలకవు. ఫ్లాట్‌ప్యాక్ లిస్ట్ అని కొడితే పూర్తి ఐడీ కనిపిస్తుంది, ఫ్లాట్‌ప్యాక్ రన్ అని కొట్టి పక్కన ఆ ఐడీ ఇవ్వాలి. ఇవేవీ కాకుండా పొడవాటి ఎర్రర్ వస్తే దాన్ని కాపీ చేసి ఉంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కమాండ్ ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) మాత్రం పెట్టకండి. కమాండ్ పనిచేయకపోతే ముందు సుడో తగిలించడం చాలామందికి అలవాటు. వీఎల్‌సీని అలా రూట్‌గా, అంటే అడ్మిన్‌గా నడపబోతే తాను అలా నడవకూడదని, సారీ అని చెప్పి ఆగిపోతుంది. పాపం, మర్యాదగానే చెబుతుంది.

ఎంప్లేయర్ లాంటివి ఇంకో రకం. దానికి బటన్లు, మెనూలు ఉన్న సొంత కిటికీ ఉండదు, టెర్మినల్‌లో పేరు పక్కన ఫైల్ పేరు ఇస్తేనే ఆడుతుంది. మెనూలో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అక్కడ ఉండేది ఏమీ లేదు. బటన్లు కావాలంటే ఎస్ఎంప్లేయర్ వేసుకోండి. ఎంపీవీ మెనూలో ఉంటుంది గానీ తెరిస్తే ఖాళీ కిటికీ వస్తుంది, వీడియోను దాంట్లోకి లాగి వదలాలి.

దొరికాక రెండు పనులు చేసుకుంటే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ప్లేయర్ తెరిచి ఉండగా పక్కన డాక్‌లో (ఐకాన్ల పట్టీలో) దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘పిన్ టు డ్యాష్’ నొక్కండి, పాత వెర్షన్లలో అది ‘యాడ్ టు ఫేవరెట్స్’. తర్వాత ఏదైనా వీడియో ఫైల్ మీద రైట్ క్లిక్, ‘ఓపెన్ విత్’, వీఎల్‌సీని ఎంచుకుని, ఈ రకం ఫైళ్లన్నింటికీ ఎప్పుడూ ఇదే వాడమని చెప్పే స్విచ్ ఆన్ చేయండి. నిజానికి డబుల్ క్లిక్‌తో వీడియో తెరుచుకుంటుంటే ఐకాన్ ఎక్కడుందో తెలియకపోయినా కొంపలేమీ మునగవు. ఎంపీ4కి పెట్టింది ఎంకేవీకి వర్తించదు, ఆ రకానికి విడిగా మరోసారి చేయాలి.

యాప్ సెంటర్ నుంచి వేశానన్నారు కాబట్టి మీది స్నాప్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లు ఆడి, పెన్‌డ్రైవ్‌లోవి ఆడకపోతే ప్లేయర్ పాడైందనుకోకండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి వీఎల్‌సీని తెరిస్తే అనుమతులు కనిపిస్తాయి, బయటి డ్రైవ్‌లను చదివే అనుమతి ఆన్ చేయండి.

అన్నట్టు, డిసెంబరు చివర్లో ప్లేయర్ కిటికీలో కోన్ నెత్తిన క్రిస్మస్ తాత టోపీ వస్తుంది. వైరస్ కాదు, తయారుచేసినవాళ్ల సరదా. నిరుడు బాబాయిగారు కచేరీకి వెళ్తూ వెళ్తూ ఆగి, ఇది చూపించడానికి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చారు.

ఇన్ని చేశాక కూడా తెరుచుకోకపోతే ఉబుంటు ఏ వెర్షనో, టెర్మినల్‌లో చివరి రెండు మూడు లైన్లలో ఏం వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.